చెదల మందు తాగిన బావి

బొద్దింకను చూసి సంతోషపడే మనుషులు లోకంలో చాలా తక్కువ. ముప్పై ఏళ్ళ పాటు నేను వాళ్ళలో ఒకణ్ణి. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నా చూపు ముందు వంటగది మూలలకు పోయేది. ఆ ఇంటావిడ సిగ్గుపడేది, మా ఆవిడ నా తొడ గిల్లేది. నా పని అలాంటిది మరి. ఇళ్ళల్లో నల్లులకు, బొద్దింకలకు, చెదలకు మందు కొట్టడం.

ఇప్పుడు మీరు ఫోన్ చేస్తే యూనిఫాం వేసుకున్న పిల్లలు మోటారు సైకిల్ మీద వచ్చి, వాసన కూడా రాని మందు నాలుగు చుక్కలు పెట్టి పోతున్నారు. మా రోజుల్లో మేము వస్తున్నామని వీధి చివరికే తెలిసిపోయేది. వాసన మాకన్నా ముందు నడిచేది. సాయంత్రం తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కితే పూతలపట్టులో దిగేదాకా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. నిలబడి ప్రయాణం చేసేవాళ్ళు కూడా నా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. హాయిగా కాళ్ళు చాపుకునేవాణ్ణి.

నేను చెప్పబోయేది డెబ్బైల చివర్లో జరిగింది. తిరుపతిలో వానలు, మిగతా ఊళ్ళకన్నీ అయిపోయాక మొదలవుతాయి. దీపావళి నుంచి కార్తీకం చివరిదాకా కొండ మీద నుంచి మబ్బు దిగి ఊరి మీద కూర్చుంటుంది. గోడలు చెమరుస్తాయి. డబ్బాలో అప్పడాలు మెత్తబడతాయి. తలుపులు ఉబ్బి మూసుకోవు. దీపం చుట్టూ ఉసిళ్ళు రాలి, పొద్దున్నే చీపురుకు కుప్పలు కుప్పలుగా రెక్కలు దొరుకుతాయి. పురుగులకు అది పండగ కాలం. కాబట్టి మాకూ పండగే.

మా కంపెనీ అంటే బజారు వెనక సందులో ఒక గది. రెండు చేతిపంపులు, నాలుగు బకెట్లు, ఒక సైకిలు, ముగ్గురం మనుషులం. ఓనరుది చిత్తూరు. అంతకుముందు ఎరువుల అంగడి నడిపాడు. ఆయనకు కష్టం అనే మాటే తెలియదు. ఏది చెప్పినా "దాందేముందప్పా!" అనేవాడు. పంపు పగిలిందంటే దాందేముందప్పా. లాడ్జీలో మందు కొడితే యాత్రికులు లేచి రోడ్డు మీదికి పరిగెత్తారంటే దాందేముందప్పా, దేవుణ్ణి తొందరగా సూస్తారు అనేవాడు.

రెండో ఆయన మేస్త్రీ. ఏర్పేడు దగ్గరి పల్లె ఆయనది. వయసులో ఉన్నప్పుడు మలేరియా వాళ్ళ వెంట ఊరూరా తిరిగి గోడలకు మందు కొట్టిన మనిషి. సన్నగా, ఎండిన కంది కట్టెలా ఉండేవాడు. మాట చాలా తక్కువ. ఏ ఇంటికి పోయినా ముందు చెప్పులు విడిచి, నేల మీద గొంతుకూర్చుని, వేలి కణుపులతో నేలను తట్టి వినేవాడు. చెదలను ఎప్పుడూ 'వాడు' అనేవాడు. "వాడు ఈ పక్క నుంచి వచ్చినాడు. వానికి ఆ దూలం మీద కన్నుండాది." నాకు నవ్వొచ్చేది. మూడేళ్ళు ఆయన దగ్గర పనిచేశాక నవ్వు పోయింది కానీ, ఓపిక మాత్రం రాలేదు.

ఆ ఏడు కార్తీకంలో మాకు ఒక కాలనీ నుంచి కబురొచ్చింది. రైలు కట్టకు అవతల, పొలాలు చదును చేసి కొత్తగా కట్టిన ఇళ్ళు. పాతిక ఇళ్ళుంటాయేమో. కుళాయిలో మునిసిపాలిటీ నీళ్ళు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కబురు పంపింది రిటైరైన ఒక టీచరమ్మ. ఒక్కతే ఉండేది. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేది. ఆ హార్మోనియం వాళ్ళ నాయనది. మేము పోయేసరికి దాన్ని బల్ల మీద పెట్టి, జబ్బు పడిన బిడ్డను డాక్టరుకు చూపించినట్టు చూపించింది.

"ఇది సూడండి నాయనా. పోయిన వారం దాకా బాగుండె. ఇప్పుడు మధ్యమం పలకడంలా. పాట మధ్యలో ఊపిరి ఆగిపోయినట్టు ఆగిపోతాది. అందరూ నన్నే సూస్తారు."

మేస్త్రీ పెట్టె అడుగున గోరుతో గీకాడు. చెక్క బిస్కెట్టులా పొడి రాలింది.

"వాడు మధ్యమం తినేసినాడమ్మా," అన్నాడు చాలా గంభీరంగా. "పంచమానికి పోకముందే ఆపుదాం."

చెదల పని ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే తర్వాతది అర్థం కాదు. గోడల వెంబడి గచ్చులో జానెడు జానెడు దూరంలో రంధ్రాలు వేస్తాం. మందు నీళ్ళలో కలిపితే తెల్లగా పాల మాదిరి అవుతుంది. ఆ పాలను ఒక్కో రంధ్రంలో మగ్గు రెండు మగ్గులు పోసి, సిమెంటుతో మూసేస్తాం. అంతే. అప్పట్లో వాడిన మందు చాలా ఘాటైనది. ఆ తర్వాత ప్రభుత్వమే దాన్ని వద్దని ఆపేసింది. మేస్త్రీ నాకు మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "నేల నిదానంగా తాగితే పొయ్యి. కక్కితే ఆపు. గటగటా తాగినా ఆపు. రెండిట్లో అది నీకేదో సెప్తా ఉండాదని అర్థం."

విన్నాను. తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాడు లేడు.

రెండో రోజు పొద్దున రంధ్రాలన్నీ వేయడం అయింది. సిమెంటు తేవడం మరిచిపోయామని మేస్త్రీ సైకిలు తీసుకుని ఊళ్ళోకి పోయాడు. పోతూ, "నేను వచ్చేదాకా హాలు వరకే సూసుకో. వెనక గది నేనొచ్చినాక," అన్నాడు. హాలు గంటలో అయిపోయింది. ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాలేదు. వెనక గదిలోకి వెళ్ళాను.

అక్కడ మూల రంధ్రంలో రెండు మగ్గులు పోశాను. చప్పున పోయాయి. ఇంకో రెండు పోశాను. అవీ పోయాయి. చెవి పెట్టి వింటే లోపలెక్కడో జలజలమని శబ్దం. నాకు ఒళ్ళు పులకరించింది. పుట్ట దొరికింది అనుకున్నాను! ఇంటి కింద ఇంత పెద్ద పుట్ట, రాణితో సహా, నా చేతికి చిక్కింది అనుకున్నాను. మేస్త్రీ వచ్చేసరికి పని ముగించి గోడకానుకుని బీడీ వెలిగించుకుని ఉండాలని నా ఆశ. మగ్గు పక్కన పడేసి బకెట్టు ఎత్తాను. ఒక బకెట్టు. రెండు. టీచరమ్మ గుమ్మంలో నిలబడి, "అంతా తాగుతాదా నాయనా?" అంది. "శానా పెద్ద పుట్టమ్మా, మీకేం భయం లేదు," అన్నాను. మొత్తం ఐదు బకెట్లు పోశాను. ఆ రోజుకని కలిపిన మందంతా అయిపోయింది.

మళ్ళీ కలపడానికి నీళ్ళు కావాలి. కుళాయి రాలేదు. టీచరమ్మ ఇంటి పిట్టగోడ అవతల ఒక బావి ఉంది. పక్కింటివాళ్ళ పెరట్లో ఉన్నా చుట్టుపక్కల ఆరేడు ఇళ్ళవాళ్ళు దాంట్లోనే తోడుకునేవాళ్ళు. ఆ పక్కిల్లు బియ్యం మండీ వ్యాపారులది. ఆ రోజు వాళ్ళింట్లో కోడలికి సీమంతం. పెరట్లో పందిరి వేశారు. కాళహస్తి నుంచి వచ్చిన వంటాయన, బానలాంటి పొట్ట మీద తువ్వాలు చుట్టుకుని, పొయ్యిల మధ్య అరుచుకుంటూ తిరుగుతున్నాడు. వడలు కాలుతున్న వాసన నా మందు వాసనను కూడా ఓడించింది. లోపల ఆడవాళ్ళ నవ్వులు, గాజుల చప్పుడు.

నేను చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, టీచరమ్మ బిందె పట్టుకుని బావి దగ్గరికి వెళ్ళాను. వానలకు నీళ్ళు బాగా పైకి వచ్చి ఉన్నాయి. చేంతాడు వదలబోతూ లోపలికి వంగి చూశాను.

బావి గోడ రాళ్ళ సందులోంచి సన్నగా పాలు కారుతున్నాయి.

ఒక్క క్షణం నిజంగా పాలే అనుకున్నాను. తర్వాత వాసన తగిలింది. ఆ రోజుల్లో దోమపిల్లలను తింటాయని మలేరియా వాళ్ళు బావుల్లో చిన్న చేపలు వదిలేవాళ్ళు. ఈ బావిలోనూ ఉన్నాయి. అవి నీళ్ళ మీదికి వచ్చి పక్కకు ఒరిగి, గుండ్రంగా తిరుగుతున్నాయి. నాలుగైదు అప్పటికే తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి.

నా కాళ్ళు ఆడలేదు. ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. ఆ కాసేపు నేను ఏమీ చేయలేదు. ఐదు నిమిషాలో, మూడు నిమిషాలో తెలియదు, బావి గట్టు పట్టుకుని నిలబడ్డాను. తలలో లెక్కలు తిరిగాయి. ఇంత బావిలో ఐదు బకెట్లు ఎంత? కలిసిపోతాయి. వానలు పడుతున్నాయి. చేపలు దేనికైనా చస్తాయి. పైగా శుభకార్యం జరుగుతున్న ఇల్లు. ఈ మాట చెబితే నన్ను బతకనిస్తారా? అచ్చం మా ఓనరు గొంతు నా లోపల నుంచి మాట్లాడింది. దాందేముందప్పా.

ఆ లోపల నా పక్కనే చేంతాడు జారింది. వంటాయన గబగబా ఒక బొక్కెనెడు తోడి, నా వైపు చూడకుండానే బిందెలో పోసి, చెంబుతో ముంచుకుని గటగటా తాగాడు. "ఏందిది, కిరసనాయిలు వాసన," అని గొణిగి మూతి తుడుచుకున్నాడు. ఒకావిడ వచ్చి ఆ బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

అది చూశాక నాకు కాళ్ళొచ్చాయి.

లోపలికి పరిగెత్తాను. హాలు నిండా పట్టుచీరలు. మధ్యలో కుర్చీలో పచ్చచీర కట్టుకుని, చేతుల నిండా గాజులతో, ఏడో నెల కోడలు. ఇరవై ఏళ్ళుంటాయేమో. చెమటకు తడిసి, అలసిపోయిన ముఖం. ఎవరో వెండి గ్లాసులో నీళ్ళు ముంచి ఆమె చేతికిస్తున్నారు. ఆమె గ్లాసు పెదవుల దాకా ఎత్తింది.

నేను గ్లాసును ఒక్క దెబ్బ కొట్టాను. అది ఎగిరి గోడకు తగిలి, దొర్లుకుంటూ పోయి మంచం కింద దూరింది. నీళ్ళన్నీ ఆ పిల్ల చీర మీద.

మందు మరకల చొక్కా, మోకాళ్ళ దాకా మట్టి, ఎవరో తెలియని మగవాడు పేరంటంలోకి దూరి కడుపుతో ఉన్న పిల్ల చేతి మీద కొట్టాడు. వాళ్ళకు కనిపించింది అదే. ఆ పిల్ల భర్త వాకిట్లోంచి వచ్చి నా చెంప పగలగొట్టాడు.

"ఎవుడ్రా నువ్వు? తాగినావా?"

"నీళ్ళు తాగొద్దన్నా! బాయిలో మందు కలిసిండాది. సెదల మందు. నేనే పోసినా."

"బాయిలో పోసినావా?"

"పక్కింట్లో పోసినా. బాయిలోకి వచ్చేసినాది."

ఎవరికీ అర్థం కాలేదు. రెండో దెబ్బ పడేలోపల లోపలి గదిలోంచి ఒక ముసలామె వచ్చింది. ఆ ఇంటి పెద్దది, ఆ పిల్ల భర్తకు నాయనమ్మ. అందరూ అవ్వా అని పిలిచేవాళ్ళు. పొట్టి మనిషి, నడుం కొంచెం వంగింది. ఆమె మనవడి చెయ్యి పట్టుకుని దించింది.

"ఉండరా. కొట్టేది యాడికీ పోదు. ముందు సూద్దాం పద."

బావి దగ్గరికి వచ్చింది. వంగి చాలాసేపు చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నా వైపు తిరిగింది.

"ఎంత పోసినావు?"

"ఐదు బకెట్లవ్వా."

"మనుషులు తాగితే ఏమైతాది?"

"తాగకూడదవ్వా. ఎంత తాగితే ఏమైతాదో నాకు తెలీదు."

వంటాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. సాంబారు, అన్నం తెల్లవారుజామున తోడిన నీళ్ళతోనే చేశాననీ, పాయసానికీ రసానికీ మాత్రం ఇందాక తోడాననీ చెప్పాడు. సాంబారులో మధ్యలో నీళ్ళు చల్లారా లేదా అనేది ఆయనకే సరిగ్గా గుర్తు లేదు. నూటయాభై మందికి చేసిన వంట. ఘుమఘుమలాడుతోంది.

"ఏది మంచిదో ఏది కాదో నీకు తెలుసునా?" అని అవ్వ ఆయన్నడిగింది.

"తెలీదమ్మా."

"నీకు తెలుసునా?" అని నన్నడిగింది.

"తెలీదవ్వా."

"తెలీదంటే అంతా పారబొయ్యండి."

అవ్వ కొడుకు ఏదో అనబోయాడు. చుట్టాలొస్తున్నారనీ, శుభమా అని వంట పారబోయడమేమిటనీ. ఆమె వినలేదు. "కడుపులో బిడ్డ కన్నా సాంబారు ఎక్కువా? పొయ్యిలార్పండి. గుంత తవ్వి అందులో పొయ్యండి, కుక్కలు కూడా తినగూడదు," అంది. వంటాయన తన పాయసం గంగాళం వంచుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆయన ఆ నీళ్ళు తాగాడని.

ఇల్లిల్లూ తిరిగి బావి నీళ్ళు వాడొద్దని చెప్పాను. సగం మంది తిట్టారు, సగం మంది బిందెలు కుమ్మరించి తర్వాత తిట్టారు. ఆ పని మధ్యలో మేస్త్రీ సిమెంటు సంచితో దిగాడు. నేను చెప్పింది విన్నాడు. బావిలోకి ఒకసారి చూశాడు. తిడతాడనుకున్నాను. సైకిలు నా చేతికిచ్చి, "పోయి జట్కా పిలుచుకోని రా, వంటాయన్ను ఆస్పత్రికి తీసకపో. మందు డబ్బా కూడా ఎత్తకపో, డాక్టరుకు పేరు సూపించాల. ఈడ నేనుంటా," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆస్పత్రిలో వంటాయన కడుపు కడిగారు. సాయంత్రం దాకా మంచం మీదే ఉంచారు. ఫిట్సు రావచ్చు, చూస్తూ ఉండమని డాక్టరు నాతో చెప్పాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన కనురెప్పలు, వేళ్ళు, పొట్ట అన్నీ చూస్తూ ఉన్నాను. ఆయన కాస్త కదిలితే నేను లేచి నిలబడేవాణ్ణి. నాలుగోసారి లేచాక విసుక్కున్నాడు.

"కూర్చోవయ్యా సామీ. నువ్వు లేసినప్పుడంతా నాకు పానం పోతా ఉందేమో అనిపిస్తాది."

కాసేపయ్యాక ఆయనే అన్నాడు, పైకప్పు వైపు చూస్తూ. "నేను నీళ్ళు తోడినప్పుడు నువ్వు ఆడనే ఉండావు గదా."

"ఉండాను."

"అప్పటికే సూసినావు."

"సూసినాను."

"మరి ఒక మాట అనుండచ్చు గదప్పా. 'తాగొద్దు' అని. రెండక్షరాలు."

నేను తల దించుకున్నాను. రెండు కాదు మూడక్షరాలని వాదించే స్థితిలో లేను. "భయమేసినాదన్నా," అన్నాను. ఆయన గోడ వైపు తిరిగాడు. "నాకు బిడ్డలు నలుగురు," అన్నాడు. అంతే. ఆ రోజు పడిన చెంపదెబ్బ రెండు రోజుల్లో మరిచిపోయాను. ఈ మాట మాత్రం, ఇదుగో, ఆయన గొంతుతో సహా ఇప్పటికీ గుర్తుంది.

ఆయనకేమీ కాలేదు. దీపాలు పెట్టే వేళకు ఆకలేస్తోందని గోల చేశాడు. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన గంజి రుచి చూసి, దాన్ని వండినవాడు ఎవడో పిలవమన్నాడు. ఇక బతికినట్టే అనుకున్నాను.

అక్కడ కాలనీలో ఏం జరిగిందో తర్వాత మేస్త్రీ చెబితే తెలిసింది. చుట్టాలంతా దిగారు, ఇంట్లో పిడికెడు అన్నం లేదు. టీచరమ్మ తన వాకిట్లో కుర్చీలు వేయించి, కాలనీ చివర ఇళ్ళకు తానే వెళ్ళి తలుపులు తట్టిందట. "మీ ఇంట్లో ఏముంటే అది పది మందికి సరిపడా చేసి పంపండి" అని. కుళాయి నీళ్ళు పట్టి పెట్టుకున్న ఇల్లల్లా పొయ్యి వెలిగించింది. మధ్యాహ్నం దాటాక పంక్తి వేశారు. ఒక్కో విస్తరిలో తొమ్మిది రకాల సాంబార్లు, ఒకరి పులిహోర, ఒకరి ఉర్లగడ్డ కూర, ఒకరింటి రాగిసంగటి. రెండు వీధుల అవతల ఒకాయన మద్రాసు నుంచి తెచ్చుకున్న బిస్కెట్ల డబ్బా మొత్తం ఇచ్చేశాడు. అంతకుముందు ఆ కాలనీలో ఒకరి గడప ఒకరు తొక్కినవాళ్ళు కారు. సీమంతం అమ్మాయి చీర మార్చుకుని, ఎవరి సాంబారు బాగుందో పేరు పేరునా చెప్పిందట. నేను అది చూడలేదు. చూసే అర్హత కూడా లేదనుకోండి.

మరుసటి రోజు ఓనరు వచ్చాడు. నన్ను గోడ పక్కకు తీసుకెళ్ళి, "నన్ను అడిగి చెప్పుండచ్చు కదప్పా, ఎట్లనో సర్దుకునేవాళ్ళం," అన్నాడు. అప్పుడే అవ్వ పెరట్లోకి వచ్చింది. ఆయన గొంతు మారిపోయింది. అవ్వ ఆయన్ను ఏమీ తిట్టలేదు. "బాయి మాకు ఎట్లుండెనో అట్లా కావల్ల," అంది. ఆయన నోటి నుంచి 'దాందేముందప్పా' రాని రోజు నాకు తెలిసి అదొక్కటే.

ఆయిలు ఇంజను తెచ్చి బావి తోడాం. ఊటతో నిండడం, తోడడం, మళ్ళీ నిండడం. మేస్త్రీ, నేను పద్నాలుగు రోజులు అదే పని. ఆ నీళ్ళను కాలనీ వెనక ముళ్ళపొదల బీడులోకి వదిలాం. ఇప్పుడు తలుచుకుంటే దానికీ సిగ్గేస్తుంది. అప్పటికి మాకు తెలిసింది అంతే. మూడో రోజు గొర్రెలు తోలుకుంటూ పోయే ముసలాయన ఒకడు ఆగి మమ్మల్ని వినోదం చూశాడు. ఏమైందని అడిగాడు. చెప్పాం.

"ఓరి మీ పాసుగాల! ఆ టీచరమ్మ ఇల్లుండాదే, దాని కిందనే గదా పాత రాతి కాలవ పోతా ఉండె. ఈ బాయి నీళ్ళు కపిలతో తోడి ఆ కాలవలోనే సెరుకు తోటకు పారించేవోళ్ళం. ఇండ్లు కట్టేటప్పుడు పైన మన్ను కప్పేసినారు, కాలవ అట్లనే ఉండాది. తోట పక్క మూసుకపోయిండాది గాబట్టి పోసిందంతా ఎనక్కి బాయిలోకే దిగుతాది."

"ఇంతకాలం ఎవురికీ చెప్పలేదే తాతా?" అన్నాను.

"ఎవురడిగినారు?" అని గొర్రెలను అదిలించుకుంటూ పోయాడు.

మేస్త్రీ ఆ రోజు సాయంత్రం మొదటిసారి ఆ సంగతి ఎత్తాడు. "నేను కూడా అడగలేదు అబ్బయ్యా. నేల తట్టి సూసినా గానీ మనుషులను అడగలేదు. తప్పు నీ ఒక్కనిదే కాదు." నేను అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడదు కదా అని కాస్త ఏడ్చాను. ఆయన ఇంజను ఆపలేదు.

బావి నీళ్ళను సీసాల్లో పట్టి మద్రాసుకు పరీక్షకు పంపారు. తాగడానికి పనికిరావని వచ్చింది. నాలుగు నెలలకు మళ్ళీ పంపారు, మళ్ళీ అదే మాట. ఆ వేసవంతా ఆరేడు ఇళ్ళ ఆడవాళ్ళు కుళాయి దగ్గర వరసలో నిలబడ్డారు. నేను ఆ దారిలో పోవాల్సి వస్తే సైకిలు దిగి, ఎవరి బిందె ఖాళీగా ఉంటే వాళ్ళ బిందె మోసి ఇంట్లో పెట్టి పోయేవాణ్ణి. వాళ్ళు వద్దనలేదు. మొదట్లో మాట్లాడేవాళ్ళు కారు. ఎండలు ముదిరేసరికి "ఏమప్పా, ఈ రోజు లేటు," అనడం మొదలుపెట్టారు. ఉగాదికి ముందే ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని కుళాయి దగ్గరే విన్నాను. బిందె అక్కడే వదిలేసి పక్కనున్న టీ అంగట్లో కనిపించిన ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ టీ ఇప్పించాను.

మళ్ళీ వానలు వచ్చాయి. మూడోసారి పంపిన సీసాకు, నీళ్ళు బాగున్నాయని జవాబు వచ్చింది. అవ్వ నాకు కబురు పెట్టింది. తోడుగా మేస్త్రీని రమ్మంటే, "నిన్నే గదా పిలిచింది," అని రాలేదు.

నేను పోయేసరికి పెరట్లో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా చేరి ఉన్నారు. బావికి పసుపు కుంకుమ పెట్టారు. అవ్వ చంకలో ఎనిమిది నెలల ముని మనవరాలు, నోట్లో పిడికిలి పెట్టుకుని నన్నే చూస్తోంది. బావిలో కొత్తగా వదిలిన చేపలు చురుగ్గా తిరుగుతున్నాయి. అవ్వ తానే చేంతాడు లాగి, ఒక గ్లాసు ముంచి నా ముందు పట్టింది.

"మద్రాసోళ్ళు బాగుండాయని రాసినారు. వాళ్ళు తాగేది లేదు గదా. నువ్వు తాగు. ఆమైన ఈ బిడ్డకు పోస్తా."

అందరూ చూస్తున్నారు, ఆ పిల్ల తల్లి కూడా. గ్లాసు ఎత్తి ముందు వాసన చూశాను, పాత అలవాటు. ఏమీ లేదు, తడిసిన రాయి వాసన తప్ప. ఊపిరి తీసుకోకుండా మొత్తం తాగాను. చల్లగా, కొంచెం ఉప్పగా ఉన్నాయి. అవ్వ నా ముఖం కాసేపు పరీక్షగా చూసి, అదే గ్లాసుతో తానూ తాగి, వేలు ముంచి ఒక చుక్క పాప నాలుక మీద పెట్టింది. పాప మొహం చిట్లించింది. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

వెళ్ళబోతుంటే అవ్వ ఆపింది. నడవా గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి దర్వాజా అడుగున వేలు పెట్టి చూపించింది. సన్నటి మట్టి గీత ఒకటి నేల నుంచి పైకి పాకి ఉంది.

"సెదలు. పోయిన నెల నుంచి. ఇంగొకరిని పిలిచేదానికి నాకు మనసొప్పలేదు. ఎప్పుడు మొదలుపెడతావు?"

సంచి భుజానికే ఉంది, ఉలీ సుత్తీ దాంట్లోనే ఉన్నాయి. ఒకప్పుడైతే అక్కడికక్కడే గచ్చు కొట్టడం మొదలుపెట్టేవాణ్ణే. సంచి దించి గోడకు ఆనించాను. చెప్పులు విడిచి గడప పక్కన నేల మీద కూర్చున్నాను.

"అవ్వా," అన్నాను, "మీరు ఈ ఇల్లు కట్టకముందు ఈడ ఏముండేది?"

ఆమె పాపను తల్లి చేతికిచ్చి, నా ఎదురుగా గడప మీద కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"అది సెప్పాలంటే శానా కతుండాది నాయనా," అంది.

"చెప్పవ్వా. నాకేం తొందర లేదు," అన్నాను.